‘హృదయపు సరిహద్దురాయి’పై నాలుగు అభ్యంతరాలు

మాది సరిహద్దురాళ్ళ పరిరక్షణ శాఖ. ఇలాంటి శాఖ ఒకటుందని మీకు తెలియకపోతే నేనేమీ నొచ్చుకోను. మా పక్క వీధిలో తహసీల్దారు గారికి కూడా తెలియదు. ఊరికీ ఊరికీ మధ్య పాతిన రాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయో లేదో చూసి రాసుకోవడం మా పని. అవి రాళ్ళు కనుక సాధారణంగా ఉంటాయి. ముప్ఫై తొమ్మిది మందిమి ఆ పని మీద బతుకుతున్నాం.

శాఖ మొత్తానికి ఒకటే సూత్రం: రికార్డు తప్పదు, నేల తప్పుతుంది. రాయి రికార్డులో ఒకచోట, నేల మీద ఇంకోచోట కనిపిస్తే రికార్డు దిద్దే అధికారం ఎవరికీ లేదు. నేలనే దిద్దాలి. ఒకసారి ఎవరో గుమాస్తా ఒక సున్నా ఎక్కువ వేయడం వల్ల, గుర్రాలమెరకలో ఒక ఆసామి వంటింట్లో రాయి ఉండాలని తేలింది. మేం సిబ్బందితో సహా వెళ్ళి పొయ్యి పక్కన రాయి పాతి, పంచనామా రాసుకుని వచ్చాం. ఆ ఇల్లాలు ఇప్పటికీ దాని మీదే పచ్చళ్ళు నూరుకుంటోంది. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది.

మా డిప్యూటీ డైరెక్టరు కొమరగిరి సర్వోత్తమరావు గారు ఒక నవల రాశారు. పేరు ‘హృదయపు సరిహద్దురాయి’. ఆరువందల పన్నెండు పేజీలు. ఏడుగురు ప్రచురణకర్తలు దాన్ని తిప్పి పంపారు. ఏడుగురికీ ఆయన సంజాయిషీ అడుగుతూ మెమోలు పంపారు. ఎవరూ జవాబివ్వకపోతే, చెప్పుకోడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదని ఫైల్లో రాసి మూసేశారు. తరవాత మా ఆఫీసు ఫారాలు అచ్చువేసే ప్రెస్సులోనే సొంతంగా వేయించుకున్నారు. ఆ ప్రెస్సువాళ్ళు అలవాటు కొద్దీ ప్రతి పేజీ నెత్తిన ‘కార్యాలయ ఉపయోగార్థం మాత్రమే’ అని వేశారు. అది నవలకి హుందాతనం తెచ్చిందని ఆయన అన్నారు.

నేను ఆ ఆఫీసులో సూపరింటెండెంటుని. పేరు అయ్యగారి కామేశం. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఎవరికీ ఎదురు చెప్పినవాణ్ణి కాదు. ఈ కథలో వీరుడి కోసం వెతికేవారు నన్ను దాటి వెళ్ళవచ్చు.

నవల ఎలా ఉందంటారా? మొదటి వాక్యం చెబుతాను. ‘అది ఉదయాన్నే ఉదయించిన ఒక ఉదయం.’ మూడో పేజీలో కథానాయిక మందాకిని వస్తుంది. ‘ఆమెకు కళ్ళు రెండూ ఉన్నాయి. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఆమె నోటి నుండియే వచ్చినది.’ ఇక్కడిదాకా నేను స్వయంగా చదివాను. ఆ తరవాత మా ఇంట్లో ఆ పుస్తకం కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపడానికి వాడుతున్నాం. ఆ పనికి దాన్ని మించిన గ్రంథం లేదు.

ముందుమాటలో మాత్రం ఒక వాక్యం ఉంది, దాన్ని గుర్తుంచుకోండి. ‘ఈ నవలలో కల్పితమన్నది ఒక్క ముక్క లేదు. కథానాయకుడు పురుషోత్తం నేనే. ఇది నవల కాదు, రికార్డు.’

పుస్తకం వచ్చిన వారంలో సిబ్బంది అందరికీ ముట్టినట్టు సంతకాలు తీసుకుని తలో ప్రతీ ఇచ్చారు. పదిహేను రోజుల్లో అభిప్రాయాలు రాసివ్వాలన్నారు. ఎవరికీ ఏం రాయాలో తెలియక నా దగ్గరికి వచ్చారు. నేనొక నమూనా తయారుచేసి ఇచ్చాను. ‘అద్భుతం, అపూర్వం, ఆసాంతం కంటతడి పెట్టించింది’ అని రాసి, కింద ‘ఇక్కడ మీ పేరు వేసుకోండి’ అని పెట్టాను. ముప్ఫై ఏడుగురు దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు, రాయడం రానివాళ్ళు పక్కవాళ్ళ చేత రాయించుకున్నారు. పదకొండుగురు ‘ఇక్కడ మీ పేరు వేసుకోండి’ అన్నది కూడా రాశారు. అయినా సర్వోత్తమరావు గారు ఆ పదకొండుగురిలోనూ ప్రత్యేకమైన ఆర్ద్రత ఉందని మురిసిపోయారు.

ముప్ఫై ఎనిమిదో అభిప్రాయం పెచ్చెట్టి హైమ రాసింది. తపాలా విభాగంలో జూనియర్ అసిస్టెంటు. తండ్రి లేని పిల్ల, తల్లినీ చెల్లెల్నీ తనే చూసుకుంటోంది. రెండేళ్ళ ప్రొబేషను పూర్తయి నాలుగు నెలలైంది. దాన్ని ఖరారు చేసే ఫైలు సర్వోత్తమరావు గారి బల్ల మీద ఉంది. మార్చి ముప్ఫై ఒకటి లోపు దాని మీద సంతకం పడకపోతే ఆ అమ్మాయి ఉద్యోగం ఊడుతుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు, ఆయనకి అందరికంటే బాగా తెలుసు.

ఆమె అద్భుతం అని రాయలేదు. మూడు అభ్యంతరాలు రాసింది, పేజీ నంబర్లతో సహా.

ఆ రోజు సర్వోత్తమరావు గారు మధ్యాహ్నం భోజనం చేయలేదు. నాలుగింటికి ఒక సర్క్యులర్ వెలువడింది. ‘పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, సదరు నవలపై విమర్శ చేయదలచిన సిబ్బంది నిర్ణీత నమూనాలో, మూడు ప్రతులలో, సరియైన మార్గమున సమర్పించవలెను. విమర్శ సహేతుకమని తేలిన పక్షమున క్షేత్రస్థాయిలో తగు సవరణ చేయబడును. నవలలో ఎట్టి మార్పునకు తావు లేదు.’

నేను దాన్ని రెండుసార్లు చదివాను. గుర్రాలమెరక వంటిల్లు గుర్తొచ్చింది.

మొదటి అభ్యంతరం తొమ్మిదో పేజీ మీద. అక్కడ పురుషోత్తం నుదుటి మీద ముంగురులు గాలికి నాట్యమాడతాయి. పురుషోత్తం తానేనని ముందుమాటలో రాసిన సర్వోత్తమరావు గారికి నెత్తి మీద వెంట్రుక అనేది పద్దెనిమిదేళ్ళుగా లేదు. హైమ ఈ రెండు సంగతులూ ఒకదాని కింద ఒకటి రాసి, ‘పరిశీలించగలరు’ అంది.

పరిశీలించారు. సోమవారం ఉదయం ఆయన విగ్గు పెట్టుకుని వచ్చారు. నాటకాల సమాజం వాళ్ళ దగ్గర తెచ్చిందట. భుజాల దాకా జారుతోంది, కృష్ణుడి వేషానిది కాబోలు. ముంగురులు నాట్యమాడాలంటే గాలి కావాలి కనుక అటెండరు గున్నయ్య విసనకర్రతో ఆయన ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చాడు. ‘మొదటి అభ్యంతరం పరిష్కరించడమైనది’ అని ఫైల్లో రాశాం.

రెండోది నూట పన్నెండో పేజీ. అందులో ఆఫీసు ఆవరణలో మామిడిచెట్టు కింద పురుషోత్తం నిలబడి ఉండగా, చెట్టు మీంచి ఒక పనసపండు రాలి ఆయన పాదాల ముందు పడుతుంది. ఆయన దాన్ని విధి సంకేతంగా భావిస్తాడు. హైమ వినయంగా అడిగిందల్లా, మామిడిచెట్టుకి పనసపండు ఎలా కాసింది అని. వారం తిరక్కుండా మా మామిడిచెట్టుకి కొబ్బరితాడుతో పనసపండు కట్టారు. దాని సంరక్షణకి గున్నయ్యని నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. పండు మగ్గినప్పుడల్లా మారుస్తుండాలి. ఒకరోజు జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన పెద్దాయన చెట్టు నీడలో జీపు ఆపించుకున్నారు. పండు జీపు మీద పడింది. ఆయన పైకి చూసి, చాలాసేపు చూసి, ఏమీ అడక్కుండా తనిఖీ ముగించుకుని వెళ్ళిపోయారు. తనిఖీ నివేదికలో మాకు ‘సంతృప్తికరం’ అని వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

మూడోదానితోనే అసలు చిక్కు. ఎనభై నాలుగో పేజీలో మందాకిని కాలవలో పడి చనిపోతుంది. పన్నెండు పేజీల పాటు ఏడుపు. నూట ముప్ఫై ఒకటో పేజీలో అదే మందాకిని పురుషోత్తానికి వేడివేడి పెసరట్టు వేసి పెడుతుంది, అల్లప్పచ్చడితో.

సర్వోత్తమరావు గారు రెండు రోజులు తలుపు వేసుకుని ఆలోచించి, దీనికి క్షేత్ర నిరూపణ చాలునన్నారు. అంటే కాలవలో మునిగిన స్త్రీ తరవాత పెసరట్టు వేయగలదని రుజువు చేయాలి. మా క్యాంటీను నడిపే నూకరత్నం గారు రోజూ పొద్దున్నే కాలవలో మూడు మునకలు వేసి వచ్చి పొయ్యి వెలిగించే మనిషే. అందువల్ల ఆవిడకి కొత్తగా చెప్పాల్సిందేమీ లేకపోయింది. గట్టు మీద సిబ్బంది అంతా వరసగా నిలబడ్డాం. ఆవిడ మునిగింది, లేచింది, తడిచీర పిండుకుని వెళ్ళి పెసరట్టు వేసింది. నేను రుచి చూసి ధ్రువీకరణ పత్రం రాశాను. ‘మునిగిన స్త్రీ పెసరట్టు వేయుట సాధ్యమేనని, అల్లప్పచ్చడి కూడ ఉన్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’

అంతటితో అయిపోయేదే. కానీ హైమ చేయెత్తి, తొంభై ఒకటో పేజీలో పన్నెండో రోజు కర్మ కూడా జరిగిందని, అదీ క్షేత్రంలో చూపించాలి కదా అని గుర్తుచేసింది. సర్వోత్తమరావు గారు తల పంకించి, పురోహితుణ్ణి పిలవమన్నారు. నూకరత్నం గారు అట్లకాడ పట్టుకునే బయటికి వచ్చారు.

“నా కర్మ నా కొడుకులు చూసుకుంటారు గానీ, మీరు లోపలికెళ్ళి ఫైళ్ళు చూసుకోండి బాబూ,” అన్నారావిడ.

పది రోజులు మాకు క్యాంటీను లేదు. మూడో అభ్యంతరం అపరిష్కృతంగా మిగిలిపోయింది. ఆయన జీవితంలో మొదటిసారి ఒక విమర్శ నిలబడిపోయింది. మార్చి ఇరవయ్యో తారీకున నన్ను పిలిచి, హైమ తన మూడు అభ్యంతరాలనూ ఉపసంహరించుకుని ‘అద్భుతం’ నమూనా మీద సంతకం పెడితే ప్రొబేషను ఫైలు కదులుతుందని, లేకపోతే అది ఉన్నచోటే ఉంటుందని చెప్పమన్నారు. మా శాఖలో ఉన్నచోటే ఉండడం గొప్ప గుణమని కూడా అన్నారు. అంటున్నప్పుడు విగ్గు కొంచెం పక్కకి జరిగింది. నేను చూడనట్టు ఉండిపోయాను.

నేను హైమ దగ్గరికి వెళ్ళాను. నాకు సిగ్గుగానే ఉంది. ఉన్నా వెళ్ళాను. ఒక్క సంతకం కదమ్మా, నేను పెట్టలేదా, ఊరందరితో పాటు నువ్వూ ఒక నమస్కారం పారెయ్యి అని నచ్చచెప్పాను. ఇంట్లో తల్లీ చెల్లెలూ ఉన్నారని గుర్తుచేశాను. ఆమె తపాలా రిజిస్టరు మూసి, చాలా మామూలుగా మాట్లాడింది.

“సూపర్నెంటు గారండీ, ఆయన ఆరొందల పేజీలు రాసేరు. బాగా రాసేరో బాగా రాయలేదో, కూర్చుని రాసేరు కదండీ. దాన్ని తెరవకుండా అద్భుతం అనీడం కంటే ఆయన్ని అవమానం చేసేది ఇంకేముందండీ? నేను చదివేను. చదివింది చెప్పేను. అంతే.”

మరి ఉద్యోగం సంగతేమిటన్నాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ గొంతు మారలేదు. ఇంకొక్క అభ్యంతరం ఉంది, నమూనా ఫారం ఇప్పించమంది. ఫారం ఇచ్చాను. మూడు ప్రతులూ నేనే కార్బను పెట్టి ఇచ్చాను. నా సర్వీసులో నేను చేసిన సాహసం అదొక్కటే.

మార్చి ఆఖరి శుక్రవారం విచారణ పెట్టారు. సర్వోత్తమరావు గారు ముంగురులతో కూర్చున్నారు. గున్నయ్య విసురుతున్నాడు. బల్ల మీద ఫైళ్ళు రెండు దొంతులుగా ఉన్నాయి. హైమ ఫైలు అడుగున ఉందని నాకు తెలుసు, దాని నీలం తాడు కనిపిస్తోంది. ఆయన గొంతు సవరించుకుని, నాలుగో అభ్యంతరం చదవమని నాతో అన్నారు.

నేను చదివాను. ‘నవల ఆఖరి పేజీ, అనగా ఆరువందల పన్నెండో పేజీ. అందులో ఇట్లున్నది: మార్చి మాసపు చివరి శుక్రవారమున పురుషోత్తం బల్ల మీది ఫైళ్ళన్నింటిపైనను, ఒక్కటి మిగల్చక సంతకములు చేసెను. ఉద్యోగమునకు స్వచ్ఛంద విరమణ ఇచ్చెను. కలమును కాలువలోకి విసిరి, జీవితమున ఇక ఒక్క అక్షరము వ్రాయనని ఒట్టు పెట్టుకొని, వెనుదిరిగి చూడక వెళ్ళిపోయెను. సమాప్తం.’ ఆ తరవాతి ముక్క చదవకుండా దాటేద్దామనుకున్నాను. అయినా చదివాను. ‘ఈ రోజు మార్చి చివరి శుక్రవారం. పురుషోత్తం గారు ఇంకనూ కుర్చీలో ఉన్నారు. క్షేత్రస్థాయిలో తగు సవరణ చేయవలసినదిగా ప్రార్థన.’

గున్నయ్య విసరడం ఆపేశాడు. ముంగురులు కూడా ఆగిపోయాయి.

సర్వోత్తమరావు గారు పుస్తకం తీసుకుని ఆఖరి పేజీ తెరిచారు. వేలు పెట్టి వాక్యం వాక్యం చదువుకున్నారు. తాను రాసిందే అయినా, చాలా కాలం కిందట రాసింది. ఆ తరవాత ఆయన కోప్పడతారని మేమంతా ఎదురుచూశాం. ఆయన కోప్పడలేదు.

“చివరిదాకా చదివారా?” అని హైమని అడిగారు.

“రెండుసార్లు చదివేనండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని.”

ఆయన నా వైపు తిరిగారు. మీరెందాకా చదివారని అడిగారు. మూడో పేజీ అని నేల చూస్తూ చెప్పాను. మిగతావాళ్ళని అడిగారు. ఒకరు ముందుమాట అన్నారు, ఒకరు అట్ట అన్నారు, గున్నయ్య తనకి చదువు రాదు గనుక బొమ్మల కోసం తిరగేశానని, బొమ్మలు లేవని చెప్పాడు. ముప్ఫై ఏడు ఆర్ద్రతలు ఆ గదిలో ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆయన ముఖం చూస్తే నాకు జాలి వేసింది. చదివిన మనిషి ఒక్కతే ఉంది, ఆమె ఉద్యోగమే ఆయన ఊడబీకబోతున్నారు.

నేను మధ్యేమార్గంగా, పుస్తకం చివర చిన్న తప్పొప్పుల పట్టిక అంటిద్దామని, ఆఖరి పేజీ ఒక్కటీ దిద్దితే ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని విన్నవించాను. ఆయన లేచి నిలబడ్డారు.

“నా నవలకి తప్పొప్పుల పట్టికా?” అన్నారు. “కామేశం గారూ, ఉద్యోగం ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. నవలలో ఎట్టి మార్పునకు తావు లేదు.”

కూర్చుని సంతకాలు మొదలుపెట్టారు. ఒక్కటీ మిగల్చకూడదు కనుక పదేళ్ళుగా కదలని ఫైళ్ళ మీద కూడా పెట్టారు. ఇద్దరికి ప్రమోషన్లు వచ్చాయి. ఒకరికి కోరని బదిలీ వచ్చింది. అడుగున నీలం తాడు విప్పి హైమ ఫైలు మీద సంతకం పెట్టినప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తరవాత ఆయన విరమణ పత్రం రాసి, దానికి తానే ఇన్‌వార్డు ముద్ర వేసి, కాలవ గట్టుకి వెళ్ళి కలం విసిరేశారు. ఆ ఊపులో విగ్గు కూడా పోయింది. అది నవలలో లేదు కనుక మేం తీయడానికి ప్రయత్నించవచ్చా అని ఒక ప్రశ్న వచ్చింది, కానీ అప్పటికే అది వంతెన దాటింది.

ఆయన గేటు వైపు నడిచారు. భోజనం క్యారియరు మరిచిపోయారని ఎవరో చూసి పిలిచారు. ఆయన వెనుదిరిగి చూడలేదు. గున్నయ్య పక్క సందులోంచి చుట్టుతిరిగి పరుగెత్తి, ఎదురుగా వచ్చి అందించాడు.

రెండున్నర నెలలు గడిచాయి. జూన్ మధ్యలో ఒక ఉదయం సర్వోత్తమరావు గారు తపాలా విభాగం కిటికీ దగ్గర, మామూలు ఫిర్యాదుదారుల వరసలో, బట్టతలతో నిలబడి కనిపించారు. చిక్కిపోయారు. ఇంట్లో తోచడం లేదట. చేతులు దురదగా ఉన్నాయట. రెండో నవల తలలో నిండి ఉంది, ఒట్టు అడ్డం వస్తోంది. అందుకని ఆరువందల పన్నెండో పేజీలో ఆఖరి రెండు వాక్యాలు దిద్దించుకోవడానికి అర్జీ పెట్టుకోవాలని వచ్చారు. ఒక్క అక్షరం రాయనని ఒట్టు గనుక అర్జీ రాయడానికి వీల్లేదు. హైమే ఆయన చెబుతుంటే రాసిపెట్టింది. సంతకం కూడా అక్షరాలే కనుక వేలిముద్ర వేయించింది. ఇంకు తుడుచుకోడానికి గుడ్డ ఇచ్చి, కూర్చోడానికి స్టూలు వేసింది.

మూడు రోజుల్లో జవాబు తయారైంది. ఆయనే వచ్చి తీసుకున్నారు. కిటికీ దగ్గరే నిలబడి చదివారు. ‘మీ అర్జీ పరిశీలించడమైనది. నవలలో ఎట్టి మార్పునకు తావు లేదు.’

ఆయన దాన్ని మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి ఇంకోసారి చదివారు.

“వాక్యం పటిష్ఠంగా ఉంది,” అన్నారు. “ఒక్క మాట ఎక్కువ లేదు. ఎవరు రాశారమ్మా?”

“మీరేనండి,” అంది హైమ. “మీ సర్క్యులర్‌లోదే. మీరు రాసిన వాటన్నిటిలోకీ బాగున్న వాక్యం ఇదొక్కటేనండి.”

ఆయన ఆ విమర్శకి మూడు ప్రతులు అడగలేదు, సంజాయిషీ అడగలేదు. కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, ముట్టినట్టు వేలిముద్ర వేసి వెళ్ళిపోయారు.